వరద ఊళ్ళలో ఉచిత వైద్య శిబిరం: ఏ మందులు, ఎప్పుడు, ఎన్నిసార్లు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గోదావరి వరదకు మునిగిన లంక ఊళ్ళలో వచ్చే ఆదివారం ఉచిత మెడికల్ క్యాంపు పెట్టాలనుకుంటున్నారు. పదిమంది స్నేహితులు, అందులో ఇద్దరు ఎంబీబీఎస్ డాక్టర్లు, ఒక ఫార్మసిస్టు ఉన్నారు. లక్షన్నర రూపాయలు పోగయ్యాయి. ఏ మందులు కొనాలి, ముందుజాగ్రత్తగా అందరికీ యాంటీబయాటిక్ ఇవ్వచ్చా, అందరికీ టీటీ ఇంజక్షన్ వేయాలా అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఒక్క ఆదివారం పెద్ద క్యాంపు పెట్టకండి. అదే డబ్బుతో ఒకే ఊరికి మూడుసార్లు వెళ్ళండి. నీళ్ళు తీసిన మూడో రోజో నాలుగో రోజో ఒకసారి, రెండో వారంలో ఒకసారి, నెల తిరిగేలోపు మరోసారి. డబ్బులో ఎక్కువ భాగం బీపీ, షుగరు, ఫిట్స్, ఉబ్బసం మందులకు పెట్టండి. ఆ తర్వాత ఓఆర్ఎస్, గాయాలు కడిగి కట్టు కట్టే సామాను. యాంటీబయాటిక్ అందరికీ వద్దు. టీటీ గాయమైనవాళ్ళకే. ఆ ఊరు ఏ పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) కిందకి వస్తుందో కనుక్కుని, అక్కడి డాక్టరుతో మాట్లాడకుండా ఇల్లు కదలకండి.

ఎందుకో చెప్పే ముందు, నేను ఎక్కడి నుంచి మాట్లాడుతున్నానో చెప్పాలి. నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు, 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటి కోనసీమ లంకలన్నీ మునిగినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ వారం పైగా నీళ్ళలో ఉన్నప్పుడు చిన్న చిన్న బృందాలతో వెళ్ళి పనిచేశాను. ఇప్పుడు చెప్పేవాటిలో చాలావరకు మొదటిసారి తప్పు చేసి నేర్చుకున్నవే.

కర్నూలుకు వెళ్ళేటప్పుడు మేం అట్టపెట్టెల నిండా తీసుకెళ్ళినవి నీళ్ళ విరేచనాల బిళ్ళలు, యాంటీబయాటిక్‌లు, జ్వరం సిరప్‌లు, ఇంకా చాలా సెలైన్ సీసాలు. వరదంటే అతిసారం అని పాఠంలో చదువుకున్నాం కదా. మొదటిరోజు క్యూలో ముందున్న పెద్దాయన చెయ్యి చాపి, "చిన్న తెల్ల బిళ్ళమ్మా, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నాలుగు రోజులైంది వేసుకోక" అన్నారు. బీపీ చూస్తే 200 దాటింది. మా పెట్టెల్లో బీపీ మందు ఒక్కటీ లేదు. ఆయన వెనక వచ్చిన ఆవిడదీ అదే మాట, షుగరు బిళ్ళలు బీరువాతో సహా బురదలో పోయాయని. ఆ రోజు సాయంత్రం దాకా మా దగ్గర లేని మందులు అడిగినవాళ్ళే ఎక్కువ. ఆ పెద్దాయనకు చీటీ రాసిచ్చాను. ఊళ్ళో మందుల షాపులన్నీ బురదలోనే ఉన్నాయి. ఆ చీటీతో ఆయన ఎక్కడికి వెళ్తారన్న ఆలోచన నాకప్పుడు రాలేదు. ఇప్పటికీ మందుల పెట్టె సర్దేటప్పుడు మొదట ఆయన చెయ్యే గుర్తొస్తుంది.

వరద కొత్త జబ్బులు తెస్తుంది, నిజమే. కానీ అవి రావడానికి రోజులు పడుతుంది. మొదటి వారంలో మనుషుల్ని దెబ్బతీసేది, అంతకుముందే ఉన్న జబ్బుకు ఆగిపోయిన మందు. బీపీ బిళ్ళ ఆగితే పక్షవాతం, ఇన్సులిన్ ఆగితే కోమా, ఫిట్స్ మందు ఆగితే నీళ్ళ మధ్యలోనే ఫిట్స్. ఫిట్స్ మందు ఒక్కసారిగా మానేయడం ఎంత ప్రమాదమో మీ డాక్టర్లకు చెప్పక్కర్లేదు. అందుకే మందుల పట్టిక నేను ఈ వరసలో రాసుకుంటాను.

దీర్ఘకాలపు జబ్బుల మందులు. అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్, థైరాయిడ్ బిళ్ళలు, ఫెనిటాయిన్, వాల్‌ప్రోయేట్, సాల్‌బుటమాల్ ఇన్‌హేలర్లు. మనిషికి పదిహేను రోజులకు సరిపడా ఇవ్వండి. ఈలోపు పీహెచ్‌సీకి మందులు రావడం మొదలవుతుంది. జనౌషధి దుకాణంలో కొంటే మీ లక్షన్నర చాలా దూరం వస్తుంది. రోగికి మందు పేరు తెలియదు, చీటీ తడిసిపోయి ఉంటుంది. దీనికి మేం లంకల్లో ఒక ఉపాయం చేశాం. ఒక అట్టమీద మామూలుగా వాడే బిళ్ళల షీట్లు వరసగా అంటించి, కింద పెద్ద అక్షరాలతో పేర్లు రాశాం. "ఇదిగో, ఇదేనమ్మా" అని వేలు పెట్టి చూపించేవారు. బిళ్ళ రంగు చూసి మాత్రమే ఇచ్చేయకండి, బీపీ చూసి, షుగరు చూసి, ఎప్పటినుంచి వాడుతున్నారో అడిగి ఇవ్వండి. అయినా ఆ అట్ట మాకు సగం పని తగ్గించింది.

ఇన్సులిన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కరెంటు ఉండదు, ఫ్రిజ్ ఉండదు. తెరిచిన సీసా మామూలు గది వేడిలో దాదాపు నాలుగు వారాలు పనిచేస్తుంది. కాబట్టి ఫ్రిజ్ పోయిందని ఎవరూ ఇన్సులిన్ మానేయకూడదు. ఇది ప్రతి ఇన్సులిన్ రోగికీ నోటితో చెప్పండి. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత కూర్చోబెట్టి, సీసాను కవరులో చుట్టి ముంతలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పితే సరి. వరద నీళ్ళలో మునిగిన సీసా మాత్రం పారేయాలి. 2022లో ఒక లంకలో పదకొండేళ్ళ పాపను నాటుపడవలో తీసుకొచ్చారు. మూడు రోజులుగా ఇన్సులిన్ లేదు, ఊపిరి ఎగపోస్తోంది, నోట్లోంచి మాగిన పళ్ళ వాసన. "వరద నీళ్ళు తాగి కడుపులో తిప్పుతోంది" అని తల్లి అనుకుంది. పాపకు సెలైన్ పెట్టి, అదే పడవలో గట్టు దాకా, అక్కణ్ణుంచి 108లో ఆస్పత్రికి పంపాం. బతికింది. ఆ రోజు నుంచి ఏ ఊరికి వెళ్ళినా నేను అడిగే మొదటి ప్రశ్న "ఇక్కడ ఇన్సులిన్ వేసుకునే పిల్లలెవరైనా ఉన్నారా?" అనే.

క్షయ మందులు మీరు కొనకండి. అవి ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, రోగి వివరాలు నిక్షయ్ అనే ప్రభుత్వ క్షయ పోర్టల్‌లో ఉంటాయి. పేరు, ఫోన్ నంబరు రాసుకుని పీహెచ్‌సీకి చెబితే మందు తెప్పిస్తారు. మీ పని ఎవరిది ఆగిందో కనిపెట్టడమే. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళనూ, నెలలు నిండిన గర్భిణులనూ అలాగే మొదటి గంటలోనే కనుక్కోండి. గోదావరి పెరుగుతోందంటే లంకల్లో, ఏజెన్సీలో కాన్పు దగ్గరపడినవాళ్ళను ముందే ఆస్పత్రులకు తరలిస్తారు. అయినా ఎవరో ఒకరు, గేదెల్ని వదిలి రానని అత్తగారు ఆపేస్తే, ఉండిపోతారు.

ఓఆర్ఎస్, జింకు, నీళ్ళు. అతిసారానికి అసలు మందు ఓఆర్ఎస్. ఇచ్చి ఊరుకోకండి, కలిపి చూపించండి. పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్ళకు. చిన్న ప్యాకెట్లు 200 మిల్లీలీటర్లకని వేరే వస్తాయి. రెండు రకాలూ కలిపి తీసుకెళ్తే గందరగోళం అయిపోతుంది, ఒకే రకం కొనండి. పెద్ద ప్యాకెట్టును గ్లాసు నీళ్ళలో కలిపి పసిబిడ్డకు పట్టడం నేను కళ్ళారా చూశాను, అది ఉప్పు ఎక్కువై బిడ్డకు హాని చేస్తుంది. ఒక లీటరు సీసా తీసుకుని, దానికి దారం కట్టి, "ఇంత వరకు నీళ్ళు, ఒక ప్యాకెట్టు" అని చూపించండి. పిల్లలకు జింకు 14 రోజులు. ఆరు నెలలు దాటినవాళ్ళకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవాళ్ళకు 10. విరేచనాలు టక్కున ఆపే బిళ్ళలు పిల్లలకు వద్దే వద్దు.

నీళ్ళ విషయం డాక్టర్లు చిన్నచూపు చూస్తారు. నా లెక్కలో మీ పదిమందిలో ఒకరు పూర్తిగా నీళ్ళ మీదే ఉండాలి. క్లోరిన్ బిళ్ళ అర గ్రాముది ఒకటి 20 లీటర్లకు, వేసి అరగంట ఆగాలి. కానీ నీళ్ళు ఒండ్రుతో ఉంటే క్లోరిన్ ఆ మట్టితోనే ఖర్చయిపోతుంది. ముందు తేర్చాలి. పటిక తిప్పండి, లేదా నాలుగు మడతల పాత పంచెలో వడకట్టండి. లంకల్లో పెద్దవాళ్ళు చిల్లగింజ అరగదీసి నీళ్ళు తేరుస్తారు. అది మంచి పద్ధతే, కానీ తేరిన నీళ్ళలో క్రిములు చావవు, ఆ తర్వాత క్లోరినో, తెర్లేదాకా కాచడమో తప్పదు. ఇంకో సంగతి, క్లోరిన్ వాసన వస్తోందని నీళ్ళు పారబోస్తారు. "ఆ వాసన ఉంటేనే నీళ్ళు మంచివి" అని మీ ఆశా కార్యకర్త చేత చెప్పించండి. మనం చెబితే వినరు, ఆమె చెబితే వింటారు.

గాయాలు. నీళ్ళు తీశాక జనం ఇళ్ళు కడుక్కుంటారు. బురదలో మేకులు, గాజుపెంకులు, రేకుల అంచులు. మొదటి విడతలో మీకు ఎక్కువగా కనపడేవి కాళ్ళే. వేళ్ళ సందులు నాని తెల్లగా చితికిపోయినవి, పురుగు కుట్టి గోకితే పుండైనవి, తెగినవి. వరద నీళ్ళలో తెగిన గాయాన్ని వెంటనే కుట్టేయకండి. శుభ్రమైన నీళ్ళతో, సెలైన్‌తో బాగా, చాలాసేపు కడిగి, తెరిచే ఉంచి, కట్టు కట్టండి. మూడు నుంచి ఐదు రోజుల తర్వాత శుభ్రంగా ఉంటే అప్పుడు కుట్టొచ్చు. సింగ్‌నగర్‌లో ఒక కుర్రాడికి పిక్క మీద నాలుగంగుళాల గాయం, వేరే బృందం వాళ్ళు వచ్చిన రోజే నీటుగా కుట్టి వెళ్ళారు. ఐదో రోజు మా దగ్గరికి వచ్చేసరికి లోపలంతా చీము. కుట్లు విప్పి కడిగాం. ఆ గాయం మానడానికి నెల పట్టింది, ఆ నెలంతా అతను ఆటో నడపలేదు. కుట్టినవాళ్ళు మంచి మనసుతోనే కుట్టారు. కానీ మళ్ళీ వచ్చి చూడలేదు.

షుగరు ఉన్నవాళ్ళ కాళ్ళు, అడగకపోయినా, చెప్పులు విప్పించి చూడండి. స్పర్శ తెలియనివాళ్ళకు మేకు గుచ్చుకున్నా తెలియదు. "నాకేం లేదండీ, గ్యాస్ బిళ్ళ ఇవ్వండి చాలు" అన్న ఒకాయన అరికాల్లో అంగుళం గాజుముక్క తీశాను.

టీటీ సంగతి. ఇప్పుడు వేసేది టీడీ టీకా, ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియా, అంటే కంఠసర్పికి కూడా కలిపినది. అది గాయమైనవాళ్ళకూ, షెడ్యూలు ప్రకారం గర్భిణులకూ. ఊరందరికీ వరసగా పొడవాల్సిన అవసరం లేదు. పైగా టీకాను చల్లగా ఉంచాలి, సూదులు భద్రంగా పారేయాలి. పీహెచ్‌సీ నుంచి ఏఎన్ఎం (ఊళ్ళు తిరిగే నర్సు) ఐస్ బాక్సుతో వస్తే ఆమే వేస్తుంది, మీరు గాయాలున్నవాళ్ళను పంపితే చాలు. మీ బృందం మాత్రం వెళ్ళేముందే వేయించుకోండి.

"ఇంజక్షన్ వేయరా? ఇదేం క్యాంపు?" అని అడుగుతారు. నొప్పుల ఇంజక్షన్ పొడిస్తే ఆ పూట అందరూ సంతోషపడతారు. కానీ డెంగీ, ఎలుక జ్వరం పొంచి ఉన్న రోజుల్లో డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి ఇవ్వడం ప్రమాదం. జ్వరానికీ నొప్పులకూ పారాసెటమాల్ ఒక్కటే. ఈ విషయంలో మొహమాటపడకండి. నేను ఒకటే చేస్తాను: మనిషిని కూర్చోబెట్టి, నాడి పట్టుకుని, స్టెతస్కోపు పెట్టి, రెండు నిమిషాలు మాట్లాడతాను. ఇంజక్షన్ అడిగినవాళ్ళలో చాలామందికి కావలసింది ఎవరో ఒకరు సరిగ్గా చూశారన్న నమ్మకం.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, అందరికీ యాంటీబయాటిక్. ఇది పూర్తిగా తప్పు ఆలోచన కాదు కాబట్టి వివరంగా చెబుతాను. 2018 కేరళ వరదల తర్వాత ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్, పెద్ద ఎత్తున వచ్చింది. అక్కడి ఆరోగ్యశాఖ వరద నీళ్ళలో, బురదలో తిరిగినవాళ్ళకు వారానికి ఒకసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ముందుజాగ్రత్తగా పంచింది. దాన్ని చూసి మన దగ్గరా చాలామంది డాక్సీ డబ్బాలతో బయల్దేరుతున్నారు. కానీ అక్కడ ఇచ్చింది ప్రభుత్వం, ఒక పద్ధతి ప్రకారం, బురదలో దిగినవాళ్ళకు. మేడమీద కూర్చున్న ముసలమ్మకు కాదు. గర్భిణులకు, చిన్నపిల్లలకు అది పనికిరాదు. భోజనం చేశాక, నిండు గ్లాసు నీళ్ళతో వేసుకుని, వెంటనే పడుకోకుండా ఉండాలి, లేకపోతే గొంతులో, అన్నవాహికలో పుండు పడుతుంది. కాబట్టి: రోజూ బురదలో దిగే పారిశుద్ధ్య కార్మికులు, పశువుల కాపర్లు, సహాయక బృందాల కుర్రాళ్ళు, వీళ్ళకు ఇవ్వాలా అన్నది జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి ఆఫీసును అడిగి, వాళ్ళు అవునంటే వాళ్ళ లెక్క ప్రకారమే ఇవ్వండి. మీ అంతట మీరు ఊరంతా పంచకండి. మిగతా యాంటీబయాటిక్‌లు ముందుజాగ్రత్తకు అసలే వద్దు.

మూడుసార్లు వెళ్ళమని ఎందుకన్నానో దీనిలోనే ఉంది. ఎలుక జ్వరం క్రిమి ఒంట్లోకి వెళ్ళాక బయటపడటానికి సాధారణంగా ఐదు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, ఒక్కోసారి నెల. టైఫాయిడ్‌కు ఒకటి నుంచి మూడు వారాలు. ఖాళీ టబ్బుల్లో, కొబ్బరి చిప్పల్లో నిలిచిన నీళ్ళలో దోమ పుట్టి, అది డెంగీ మోసుకొచ్చేసరికి ఇంకో రెండు మూడు వారాలు. తాగునీటి వల్ల వచ్చే కామెర్లకు రెండు వారాల నుంచి రెండు నెలల దాకా. అంటే జబ్బులు వచ్చే రోజుకు క్యాంపులు వెళ్ళిపోయి ఉంటాయి. మొదటి వారంలో ఒకే వీధిలో మూడు టెంట్లు, మూడో వారంలో ఒక్కటీ ఉండదు. నేను పనిచేసిన ప్రతిచోటా ఇదే చూశాను, ఇది చూసిన ప్రతిసారీ బాధేసింది.

రెండో విడతలో జ్వరాలు వెతకండి. జ్వరంతో పాటు పిక్కలు పట్టుకుంటే ఓర్చుకోలేని నొప్పి, కళ్ళు ఎర్రబడటం, మూత్రం తగ్గడం, పచ్చబడటం, ఇవి ఎలుక జ్వరానికి గుర్తులు. తొందరగా మొదలుపెడితే మామూలు బిళ్ళలతోనే తగ్గుతుంది, ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతింటాయి. డెంగీలో జ్వరం దిగిన రోజే జాగ్రత్తపడాల్సిన రోజు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత ఉంటే వెంటనే ఆస్పత్రికి. మూడో విడతలో కామెర్లు, ముఖ్యంగా గర్భిణుల్లో. హెపటైటిస్-ఇ (E) రకం కామెర్లు గర్భిణులకు ప్రాణాంతకం కావచ్చు.

ఒకే వీధిలో ఒకేరోజు నాలుగైదు ఇళ్ళ నుంచి నీళ్ళ విరేచనాలు వస్తే మందులిచ్చి ఊరుకోకండి, అప్పటికప్పుడే పీహెచ్‌సీకి ఫోన్ చేయండి. ఎక్కడో మంచినీటి పైపులో మురుగు కలిసి ఉండొచ్చు. మీరు పదిమందికి ఓఆర్ఎస్ ఇవ్వడం కంటే ఆ ఒక్క ఫోను ఎక్కువమందిని కాపాడుతుంది. అందుకే నోటుపుస్తకం ముఖ్యం. పేరు, వయసు, వీధి, బాధ, ఇచ్చిన మందు. సాయంత్రం లెక్కలు పీహెచ్‌సీకి చెప్పి రండి. రోగి చేతికి కూడా ఒక చీటీ ఇవ్వండి, కార్బన్ పుస్తకం వాడితే ఒకే రాతలో రెండూ అవుతాయి.

పాములు. వరదకు పుట్టలు మునిగి అవి గట్లమీదకి, ఇళ్ళలోకి, గడ్డిమేట్లలోకి వస్తాయి. యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) మీ క్యాంపులో పెట్టకండి, అది రియాక్షన్ వస్తే చూసుకోగల చోటే ఇవ్వాలి. మీరు తెలుసుకోవాల్సింది ఒక్కటే: ఆ రోజు ఏ ఆస్పత్రిలో యాంటీవీనమ్ ఉంది, ఏ రోడ్డు తెరిచి ఉంది. బయల్దేరే ముందు ఫోన్ చేసి అడగండి. కట్టు బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. కాలు కదలకుండా ఉంచి తీసుకెళ్ళాలి. కట్లపాము కాటు మాత్రం మీ డాక్టర్లను మోసం చేయగలదు. నేలమీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తాడు, కాటు గుర్తే కనపడదు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. పునరావాస కేంద్రంలో నేలమీద పడుకున్నవాళ్ళు పొద్దున్నే కడుపునొప్పి అంటే గ్యాస్ బిళ్ళ ఇచ్చే ముందు కళ్ళు చూడండి.

క్యాంపు ఎక్కడ, ఎన్నింటికి అన్నది కూడా వైద్యమే. పగలు పదకొండింటికి బల్ల వేసుకుని కూర్చుంటే ఎవరూ రారు. ఇల్లు కడుక్కుంటూ ఉంటారు, నష్టం రాసుకునేవాళ్ళ కోసం ఇంటి దగ్గరే కాచుకుని ఉంటారు, బియ్యం లారీ వచ్చిందంటే అటు పరిగెడతారు. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు తర్వాత కూర్చోండి. మధ్యలో ఇళ్ళకు వెళ్ళండి. క్యాంపుకు నడిచి రాగలిగినవాడికంటే రాలేనివాడికే మీరు ఎక్కువ అవసరం. సింగ్‌నగర్‌లో నీళ్ళు నడుము లోతున ఉండగా రెండో అంతస్తులో పక్షవాతంతో మంచంపట్టిన ఒకావిడ తొమ్మిది రోజులు ఉన్నారు. కింద వీధిలో వచ్చిన పడవలన్నీ పాలు, నీళ్ళు ఇచ్చి వెళ్ళాయి, పైకి ఎక్కి చూసినవాళ్ళు లేరు. వీపంతా పుండ్లు. మాకు ఆమె సంగతి చెప్పింది ఆ వీధి ఆశా కార్యకర్త. మంచంమీద ఉన్నవాళ్ళెవరు, బిడ్డతల్లులెవరు, ఒంటరి ముసలివాళ్ళెవరు అన్నది ఆమెకు నోటికి వచ్చి ఉంటుంది. ఆమె ఇల్లు కూడా మునిగి ఉంటుందని మర్చిపోకండి. ముందు ఆమె తిన్నదా అని అడిగి, తర్వాత జాబితా అడగండి.

బృందంలో ఒక ఆడ డాక్టరో నర్సో తప్పకుండా ఉండాలి. పునరావాస కేంద్రంలో మరుగుదొడ్డికి వెళ్ళడానికి భయపడి ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు, మూత్రంలో మంట మొదలవుతుంది, అది మగ డాక్టరుకు చెప్పరు. నెలసరి ప్యాడ్లు మందుల పెట్టెలోనే పెట్టుకోండి. పసిపిల్లల పాలడబ్బాలు మాత్రం పంచకండి. శుభ్రమైన నీళ్ళు లేనిచోట ఆ డబ్బాపాలే విరేచనాలు తెస్తాయి, పైగా నాలుగు రోజులు పట్టేసరికి తల్లిపాలు తగ్గిపోతాయి. తల్లికి తిండి, నీళ్ళు, కాస్త చాటు ఇవ్వండి, పాలు వాటంతట అవే వస్తాయి.

నిద్రపట్టడం లేదని చాలామంది అంటారు. నిద్రమాత్రలు పంచకండి. లంకలో ఒక రైతు మోకాలి నొప్పి అని వచ్చి కూర్చుని, అరగంట తన అరటితోట గురించి మాట్లాడారు. గెలలు దించాల్సిన వారంలో నీళ్ళొచ్చాయట. మోకాలికి ఏమీ లేదు. మూడో విడతలో వెళ్ళినప్పుడు ఆయనే మా పెట్టెలు పడవలోంచి దించారు. తిండి మానేసి, చచ్చిపోతే బాగుండు అని ఎవరైనా అంటే మాత్రం ఊరికే వినేసి రాకండి, ఇంట్లోవాళ్ళకు చెప్పి, పీహెచ్‌సీ డాక్టరుకు పేరు చెప్పి, మర్నాడు ఫోన్ చేయండి.

చట్టం విషయం క్లుప్తంగా. చీటీ రాసేది రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరైన డాక్టరే అయి ఉండాలి, మందులిచ్చేది ఫార్మసిస్టు. మిగతా ఏడుగురు రాయడం, నీళ్ళు, గాయాలు కడగడంలో సాయం, పడవ, తిండి చూసుకోవాలి. అమెరికా నుంచి మీ బంధువులైన డాక్టర్లు వస్తామంటే, ఇక్కడి రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేయడం కుదరదని మర్యాదగా చెప్పి, ఆ విమానం ఖర్చు మందులకు పంపమనండి. విరాళంగా వచ్చే మందుల్లో సగం వాడి మిగిల్చినవి, గడువు దగ్గరపడినవి ఉంటాయి. అవి తీసుకోకండి, డబ్బే అడగండి. వాడిన సూదులు, కట్లు ఊళ్ళో వదిలి రాకూడదు, గట్టి డబ్బాలో వేసి పీహెచ్‌సీకి అప్పజెప్పాలి. రోగుల ఫోటోలు తీయకండి. దాతలకు చూపించాలంటే మందుల బిల్లులు, నోటుపుస్తకంలోని లెక్కలు చూపించండి.

మీ తిండి, మీ నీళ్ళు మీరే తీసుకెళ్ళండి. పడవలో ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకోండి, ఈత వచ్చినా సరే. చీకటి పడకముందే గట్టు చేరండి. కరెంటు స్తంభాలు, తడి గోడలు ముట్టుకోకండి. పొడుగు బూట్లు కూడా కొనండి.

లెక్కకు వస్తే, లక్షన్నరలో మొదటి విడతకు డెబ్భై వేలు దాటకండి. రెండో విడతకు ఏం కొనాలో మొదటి విడత నోటుపుస్తకమే చెబుతుంది. మూడోసారి తిరిగి వచ్చేటప్పుడు మిగిలిన మందులన్నీ పేరు, సంఖ్య, గడువు తేదీతో రాసి పీహెచ్‌సీ ఫార్మసిస్టుకు ఇచ్చి, సంతకం తీసుకోండి. నోటుపుస్తకం నకలు కూడా అక్కడే ఇవ్వండి, ఎవరికి మందు ఎప్పటికి అయిపోతుందో అందులో ఉంటుంది కాబట్టి. ఏ ఊరికి వెళ్తున్నారో రాస్తే, అక్కడికి ఏ గట్టు మీదుగా వెళ్ళొచ్చో నాకు తెలిసినంతలో చెబుతాను.